మాట మీద చీటీ

జిగురు మరీ పల్చగా కలిపాను, చీటీ కిందనుంచి అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి, ఉచ్చ అనే మాట రెండే అక్షరాలు, దాని మీద అతికించాల్సింది మూత్రవిసర్జన, చోటు చాలక పక్క మాటను కూడా మింగేస్తోంది, పుస్తకానికి పదకొండు చోట్లు, నలభై ప్రతులు, ఇరవై మూడేళ్లుగా ఈ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుడుతున్నాను, చిరగని పుస్తకానికి మరమ్మతు చెయ్యడం ఇదే మొదలు, ఉన్నది చిన్న కథ, ఒక పిల్ల ఉచ్చ పోస్తుంటే మంటగా ఉందని టీచరుకు చెబుతుంది, టీచరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది, తగ్గిపోతుంది, అంతే, దీని మీద ఆ రిటైరైన హెడ్మిస్ట్రెసమ్మ ఎర్ర ఇంకుతో పదకొండు గీతలు గీసి ఫిర్యాదు పెట్టింది, మా మనవరాలు ఇంట్లో ఇదే మాట అంటోందండీ అని, అంటే ఏం, అంతకు ముందు పోసేది కాదా.

మొన్న కమిటీ మీటింగుకి పోట్లాడదామని నేనే వెళ్లాను, నా చదువు బడిలో వచ్చింది కాదు, కుట్టడానికి వచ్చిన పుస్తకాలు చదివి వచ్చింది, అందుకే కాబోలు నోరు పెద్దది, తాగునీళ్ల కుళాయి కోసం, ఆడవాళ్ల మరుగుదొడ్డి కోసం గేటు ముందు గొంతు చించుకున్నదాన్ని, అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకుని, సరేనమ్మా, ఆ వాక్యమేదో మీరే పైకి చదవండి, వింటాం అన్నాడు, లేచి పుస్తకం తెరిచాను, చుట్టూ తొమ్మిది మంది, ఎదురుగా మంచినీళ్ల గ్లాసులు, ఆ పిల్ల, అదే, ఆ పని చేస్తుంటే, అని నసిగాను, హెడ్మిస్ట్రెసమ్మ నవ్వేసింది, చూశారా, ఇంత నోరున్న మనిషికే ఆ మాట బయటికి రావట్లేదు, పసిపిల్లలకెందుకండీ అంది, అందరూ నవ్వారు, మినిట్స్ రాసే గుమాస్తా కూడా, రెండు నిమిషాల్లో తీర్మానం అయిపోయింది, అతికించే పని నా నెత్తిన పడింది.

ఎందాకా వచ్చిందక్కా, సాయంత్రానికి అరల్లోకి ఎక్కాలి అంటూ లైబ్రేరియన్ తొంగిచూసింది, పదహారో ప్రతిలే అమ్మా అన్నాను, ఎందుకక్కా మొహం అలా పెట్టుకుంటావు, మాట మారిందేగానీ అర్థం అదేగా అంది, అదేనట, ఎనిమిదేళ్ల పిల్లకి మంట పుడితే మూత్రవిసర్జన గుర్తొస్తుందా, నా చెల్లికి ఇదే మంట పుట్టినప్పుడు ఎనిమిదే, నాకు పన్నెండు, డాక్టరు కడుపునొప్పికి మందిచ్చాడు, మూడు వారాలు మింగింది, తరవాత జ్వరం, వణుకు, పెద్దాసుపత్రి, ఒక కిడ్నీ పోయింది, ఇప్పటికీ ఆర్నెల్లకోసారి పరీక్షలకి తిరుగుతూనే ఉంది, నేను ఎక్కడ మాట్లాడినా దాని సంగతే చెబుతాను, పాపం పిల్ల, చెప్పుకోవడానికి దానికి మాట లేకపోయింది, పిల్లలకి మాటలివ్వండి అని బల్ల గుద్ది చెబుతాను.

మాట లేకపోయిందా, చీటీ కోస్తున్న బ్లేడు చేతిలో ఆగిపోయింది, ఎవరు చెప్పారు లేదని, పెరటి మెట్ల మీద నా జడ పట్టుకు లాగి, అక్కా, ఉచ్చ పోస్తుంటే మండుతోంది అంది, తడబడలేదు, సిగ్గుపడలేదు, ఛీ, నోర్ముయ్ అన్నది నేను, డాక్టరు గదిలో అమ్మ నా వైపు తిరిగి, నీకేదో చెప్పిందట కదే, ఏమిటో చెప్పు అంటే, ఆయన కలం పట్టుకుని నా మొహంలోకి చూస్తుంటే, కడుపునొప్పట అన్నది నేను, చెల్లి తలెత్తి నన్ను చూసింది, కాదనలేదు, అక్క అన్నదంటే డాక్టర్ల దగ్గర అలాగే అనాలేమో అనుకుని ఉంటుంది, దానికి మాట ఉంది, సరైన మాటే ఉంది, తీసుకొచ్చి నా చేతిలోనే పెట్టింది, దాని మీద మొదటి చీటీ అతికించింది ఏ కమిటీవాడూ కాదు, నేను.