తీతుగారు ఇచ్చిన మాట

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని తెలుగు చర్చిలో ఆ సాయంత్రం తీతుగారి జ్ఞాపకార్థ కూటం. ఊరూరా తిరిగి క్రీస్తు పాటలు పాడిన ఆ మనిషి కిందటి నెలే కన్నుమూశాడు. ఒక్కొక్కరే లేచి ఆయన మంచితనం చెబుతున్నారు. మా బిడ్డని ఎత్తుకున్నాడని ఒకరు, మా ఇంట చద్దన్నం అడిగి తిన్నాడని ఇంకొకరు.

సూసన్నమ్మ ఒక్క మాటా నమ్మలేదు.

"సచ్చినోడు లేచొచ్చి కాదంటాడేటి? ఎవుల నోటికొచ్చింది ఆలు సెప్పేస్తన్నారు" అంది, నడవకి అవతల కూర్చున్న మొగుడు సమూయేలుతో.

"నోరుముయ్యే. దేవుడి మందిరం" అన్నాడాయన.

ఎలా మూస్తుంది? ఎనభై నాలుగులో తీతుగారు ఈ చర్చికి వచ్చినప్పుడు, మంచాన పడ్డ తల్లి ఎస్తేరమ్మ కోసం ఆమె గేటు దగ్గర ఆయన కాళ్ళకి అడ్డం పడినంత పని చేసింది. చనిపోయిన చిన్నపిల్లని ప్రభువు చెయ్యి పట్టి లేపిన కథ మీద ఒక పాత పాట ఉంది. ఎస్తేరమ్మకి అదే కావాలి. సభల్లో ఎవరూ పాడరు. "సభ అయ్యాక సాయంత్రం వస్తానమ్మా" అన్నాడాయన. ఎస్తేరమ్మ తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టించుకుని గుమ్మం వైపే చూసింది. ఆయన రాలేదు. నెల తిరగకుండా ఆమె పోయింది. ఏడాది తర్వాత స్టేషన్లో ఎదురై "అమ్మ ఎలా ఉన్నారు?" అని నవ్వుతూ అడిగాడు. ఏ మొహం పెట్టుకుని అడిగాడో! సూసన్నమ్మ జవాబు చెప్పకుండా వచ్చేసింది. స్టేజీ మీద కన్నీళ్ళు పెట్టించే గొంతుకి లోపల మనసుందా లేదా అని అప్పట్నుంచీ ఆమె దేవుణ్ణి అడుగుతూనే ఉంది.

ఇంతలో నూకరాజు లేచాడు. వర్క్‌షాపులో సమూయేలు జట్టువాడు. పైడితల్లి భక్తుడు. కోతలు బాగా కోస్తాడని పేరు.

"మేం చర్చి మనుషులం కాము. అయినా ఆ బాబు మా ఇంటికొచ్చి, మా అమ్మ దాలమ్మ పక్కన కూకోని పాట పాడినాడు. పిలవలేదు, పెట్టలేదు. వర్క్‌షాపులో సెప్తే అందరూ నవ్వినారు."

ముందు బల్లల్లో ఇప్పుడూ నవ్వారు. సూసన్నమ్మకి ఒళ్ళు మండి లేచి నిలబడింది.

"ఏఁ నూకరాజూ, ఎప్పుడొచ్చినాడు?"

"ఎనభై నాలుగులో వదినా. ఇక్కడ సభయిన సాయంత్రమే. లోడ్‌షెడింగు. మా ఇళ్ళ లైనంతా సీకటి."

"సీకట్లో నీ ఇల్లే దొరికిందా ఆయనకి?"

"జబ్బు మనిషి ఈ ఇంట్లోనేనా అనడిగినాడు. అమ్మకి జ్వరం, అరుగు మీద పడుకోబెట్టినాము. అవునన్నాము. 'మీ అమ్మాయి అడిగిన పాటమ్మా' అనేసి మొదలెట్టినాడు."

"దాలమ్మకి ఆడపిల్లల్లేరు కదా!"

"నేరు. కోడల్ని అన్నాడనుకున్నాం."

"ఏటి పాట?"

"పేరు తెల్దు వదినా. సచ్చిపోయిన సిన్నపిల్లని సెయ్యట్టుకుని లేపినట్టు ఉంటాది."

సూసన్నమ్మ బల్ల అంచు పట్టుకుంది. రైల్వే క్వార్టర్ల లైన్లలో ఇళ్ళన్నీ ఒకే పోత. అవే ఎర్ర గోడలు, అవే అరుగులు. కరెంటు పోతే అక్కడే పుట్టిన పిల్లలే పక్క లైన్లో దూరిపోతారు. తను చెప్పిన గుర్తేమిటి? కుళాయి దాటాక రెండో ఇల్లు. కుళాయి ప్రతి లైన్లోనూ ఉంది. ఆ మాట అప్పుడెందుకు తట్టలేదు? ఆమెకే పాడాననుకుని స్టేషన్లో ఆయన అడిగింది నిజంగా తన తల్లి గురించే. ఆ లైను దాటించి ఇంకొక్క లైను నడిపిస్తే నీ సొమ్మేం పోయింది ప్రభువా, అనుకుంది.

"మీ అమ్మ ఏటన్నాది?" అనడిగింది మెల్లగా.

"పాట అయిపోయినా ఆయన సెయ్యి ఒగ్గలేదు. పోయేదాకా అందరికీ అదే సెప్పుకున్నాది. పెద్దోడు, నాకోసం వొచ్చినాడని."

చర్చిలో నవ్వు ఆగిపోయింది. పాస్టరుగారు సూసన్నమ్మ వైపు చూశాడు. "మీరేమైనా చెబుతారా అమ్మా?"

నోటిదాకా వచ్చింది, ఆ పాట మా అమ్మదని. నూకరాజు ఇంకా నిలబడే ఉన్నాడు, ఈవిడైనా నమ్మిందా అన్నట్టు.

"నూకరాజు సెప్పింది నిజమే. ఆ పాట ఆయన పాడతాడని నాకు తెలుసు" అంది సూసన్నమ్మ.

"మీ ఇంటికీ వొచ్చినాడేటి వదినా?"

"బయల్దేరినాడు" అని ఆమె కూర్చుంది. సమూయేలు ఏదో అడగబోతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.