మోచేతి కింది చెయ్యి

రంగులోంచి తీసి పిండిన ఎర్ర నూలు చిలపను, ఆ తడి పోగుల కట్టను, రాజేశం రెండు చేతుల్లోకి తీసుకుని ఒకసారి గట్టిగా దులిపాడు. సిరిసిల్లలో ఆ అద్దకం షెడ్డు వెనక పెరట్లో, వెదురు దండేల మీద చిలపలు ఆరేయడం అతను మీసాలు రాకముందు పట్టిన పని. తడి నూలు బరువుకు కుడి భుజంలో కండలు తెగిపోయి, చాలాకాలం ఆ చెయ్యి ఛాతీ దాటి లేవలేదు. అన్నం తినాలన్నా, చొక్కా తొడుక్కోవాలన్నా భార్య సత్తవ్వ వెనక నిలబడి మోచేతి కింద అరచెయ్యి పెట్టి లేపేది. బీడీలు చుట్టే చెయ్యి. నానిన ఆకు పట్టి పట్టి ఎప్పుడూ చల్లగా ఉండేది. పోయిన వానాకాలం జ్వరం వచ్చి ఆమె పోయింది. ఆ తర్వాతే కోరుట్లలో ఉండే కూతురు నవనీత అతన్ని జగిత్యాల తీసుకుపోయి ఆపరేషన్ చేయించింది.

చెయ్యి లేచింది. కానీ లేచినప్పుడల్లా మోచేతి కింద ఆ చల్లని అరచెయ్యి తగిలేది.

మొదట్లో భయపడ్డాడు. చెకప్‌కు పోయినప్పుడు డాక్టర్ అర్జున్ రావుకు చెప్పాడు.

"మంచిగనే లేస్తుంది సార్. గని నేను లేపుతలేను. ఎవరో కిందికెల్లి లేపుతుండ్రు."

డాక్టర్ నవ్వలేదు. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించాడు. "తెగిన కండలు ఇగ పనికి రావు. గందుకే భుజం కీలుల గుండు ఉండేకాడ గిన్నె, గిన్నె ఉండేకాడ గుండు తిరగేసి పెట్టిన. ఇప్పుడు భుజం మీది కండ ఒక్కటే చెయ్యిని లేపుతది. గుండును జర కిందికి కూసోబెడితే దానికి పట్టు దొరుకుతది. మరీ దించితే నరం గుంజుకుంటది. అంతా గా అందాజలనే ఉన్నది."

డాక్టర్ రాజేశం మోచేతిని పట్టుకుని, కళ్లు మూసుకుని, లోపలి కదలికను వింటున్నట్టు మెల్లగా పైకీ కిందికీ తిప్పాడు. "ఒంటికి కొత్త. అలవాటైతే పోతది."

"మీ చెయ్యి ఎచ్చగున్నది సార్," అన్నాడు రాజేశం. "గది సల్లగుంటది."

డాక్టర్ తన చెయ్యి తీసేశాడు.

రాజేశానికి అలవాటైంది ఆ చల్లదనమే. చిలప ఎత్తే ముందు దానికోసం కాసేపు ఆగేవాడు.

ఇవాళ అది రాలేదు. చెయ్యి తేలిగ్గా, దానంతటదే లేచింది. మరో చిలప ఎత్తి చూశాడు. మోచేతి కింద ఉత్త గాలి. డాక్టరు పనితనం ఒంటికి ఒప్పినట్టుంది.

"ఏడికి పోయినవే?" అన్నాడు నెమ్మదిగా.

పక్కన పసుపు చిలపలు విడదీస్తున్న మంజుల తిరిగి చూసింది. "ఎవలతోని మాట్లాడుతున్నవ్ కాకా?"

"ఎవ్వల్లేరు బిడ్డా. గదే అంటున్న."

మధ్యాహ్నానికి అతని ముఖం పాలిపోయింది. "జర కూసో కాకా, చాయ తెస్త," అని మంజుల వీధి చివరికి వెళ్లింది.

ఆమె తిరిగొచ్చేసరికి రాజేశం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల పక్కకు వాలింది. కుడి చెయ్యి మాత్రం ముందుకు లేచే ఉంది. పిలిచింది. పలకలేదు. దగ్గరికి పోతుంటే ఆ చెయ్యి కదిలింది. పడలేదు, ఎవరో జాగ్రత్తగా దించినట్టు అతని ఒడిలోకి వచ్చి ఆగింది. అప్పటికే ఊపిరి లేదు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. మోచేతి కింద మాత్రం చల్లగా తగిలి మంజుల వేళ్లు వెనక్కి లాక్కుంది.

అందరూ వచ్చి అతన్ని మోసుకుపోయాక పెరడు ఖాళీ అయింది. చిలపలను పైకెత్తి వేసే కొక్కెం కర్ర షెడ్డులోనే ఉంది. ఆ కర్ర లేకుండా ఎవరికీ అందని పై దండెం మీద ఎర్ర చిలప ఒకటి, మెలిక లేకుండా సాపుగా పరిచి, కొసన నిండిన రంగు చుక్కతో వేలాడుతోంది.