వెండిరంగు వేసిన బాంబు

ఆ పొద్దున వెసెల్ చేతిలో ఉన్న పెట్టుబడి ఇదీ: తీగ బ్రష్షు, చిన్న సుత్తి, సగం నిండిన వెండిరంగు డబ్బా, జున్ను పెట్టిన నల్లరొట్టె, పుట్టుకతో వచ్చిన భయం. వీటిలో ఎంత వాడినా తరగనిది భయమొక్కటే.

సాయంత్రం ఊరంతా వస్తుంది. ఏటా మే నెల నాలుగో తేదీన, యుద్ధంలో పోయినవాళ్ల కోసం హాలెండంతా మౌనంగా నిలబడే వేళకి, ఈ ఊరివాళ్లు రైతు హార్మ్ బీట్‌దుంపల చేలోని రాయి ముందు నిలబడతారు. అక్కడే కూలిన ఇంగ్లీషు బాంబర్ విమానంలోని ఏడుగురి పేర్లు ఆ రాయి మీద ఉన్నాయి. పక్కనే సిమెంటు దిమ్మె మీద ఆ విమానపు బాంబు ఒకటి పడుకుని ఉంటుంది. వెసెల్‌కి పిల్లనిచ్చిన మామ బెరెండ్ దాన్ని గుర్రంతో కాలువలోంచి లాగించాడు. లోపల ఏమీ లేదు, వెనకాల బొక్కే, ఒట్టి డొల్ల అన్నాడు. ఊరు నమ్మింది. పిల్లలు దానిమీద గుర్రమెక్కినట్టు ఎక్కి ఫొటోలు దిగారు. ఏటా గీకి రంగు వెయ్యడం అల్లుడి వంతు అయింది.

వెసెల్ కాలువలు బాగుచేసే కూలీ. పొడుగు మనిషి, వంగిన వీపు, ఎటునుంచో కీడు వినబడుతున్నట్టు ఒక పక్కకి వాల్చిన తల. పొయ్యి ఆర్పానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి తిరిగే రకం. చలికాలం ఊరంతా గడ్డకట్టిన కాలువ మీద జారుతుంటే, తను మాత్రం గట్టున నిలబడి భార్య ఆల్ట్యె బూట్లు పట్టుకునేవాడు. ఒకసారి పొగమంచును పొగ అనుకుని ఫైరింజన్ను పిలిపించాడు. ఆ కథను ఊరు ఇప్పటికీ వాడుకుంటోంది. అలాంటివాడు నిశ్చింతగా కూర్చున్న చోటంటూ ఉంటే అది ఈ బాంబు వీపే. గీకుడు పని అయ్యాక ఆల్ట్యె కాఫీ తెచ్చేది, ఇద్దరూ దానిమీద కూర్చుని రొట్టె తినేవాళ్లు. ఆమె తన కప్పును దిమ్మె మూల మీద పెట్టి మరిచిపోతే, దాన్ని కదపకుండానే రంగు వేసేవాడు. ఆమె పోయాక కూడా అతను ఒక పక్కకి జరిగే కూర్చునేవాడు.

ఈ ఏటి చలికి దిమ్మె పగిలి బాంబు కాస్త ఒరిగింది. ఇన్నాళ్లూ కిందికి ఆనుకుని ఉన్న తోక చివర బయటపడింది. వెసెల్ సుత్తితో కొట్టాడు. పాత రంగు పెచ్చు ఊడింది. బొక్క ఉండాల్సిన చోట, బాంబును పేల్చే ఇత్తడి బిరడా, బిగించింది బిగించినట్టే ఉంది.

రెండో దెబ్బకి లేచిన సుత్తి గాలిలోనే ఆగింది. ఇప్పుడు విన్న మోత డొల్లది కాదు, నిండు పీపాది. ఏటా అదే మోత చెవిన పడుతూనే ఉంది.

సుత్తిని, నిద్రపోతున్న పసిబిడ్డను దించినట్టు, గడ్డి మీదికి దించాడు. కాలువ మీద వంతెనలా వేసిన చెక్క దాటి హార్మ్ ఇంటికి వెళ్లాడు. రొట్టెలకొట్టు సీట్‌స్కె అక్కడే పూలదండకు రిబ్బను కడుతోంది. స్మారకం పనులన్నీ చూసేది ఆమే. ఇద్దరికీ బిరడా సంగతి చెప్పాడు.

"ఏమయ్యా, మళ్లీ పొగమంచు అంటుకుందా?" అన్నాడు హార్మ్.

"మీ మామగారు చూసి చెప్పిందే కదా వెసెల్. నా పిల్లలిద్దరూ దానిమీద ఎక్కినవాళ్లే," అంది సీట్‌స్కె.

"నా భయం అదేనమ్మా."

రేపు పొద్దున సైన్యానికి ఫోను చేద్దాంలే అన్నారు. బ్యాండువాళ్లకీ బడిపిల్లలకీ కబురు వెళ్లిపోయిందట.

వెసెల్ వెనక్కి వెళ్లి, చెక్క దాటి, దాన్ని తనవైపుకు లాగేసుకున్నాడు. అవతలే వదిలితే మళ్లీ వేసేస్తారు. ఏడుగురి పేర్లున్న రాయిని తనకీ దానికీ మధ్య ఉంచుకుని కూర్చున్నాడు. రొట్టె పొట్లం విప్పలేదు. గడ్డిలో పిట్ట కదిలినా రాయి వెనక ఇంకాస్త ముడుచుకున్నాడు.

సాయంత్రం జనం వచ్చి కాలువ దగ్గర ఆగారు. ముందు వరసలో పూలు పట్టుకున్న పిల్లలు.

"చెక్క ఇటు తొయ్యరా, పిరికి పీనుగా," అన్నాడు హార్మ్.

"తొయ్యను."

వెసెల్ నోట ఆ మాట ఊరు ఎన్నడూ వినలేదు.

"దూకి వస్తే ఏం చేస్తావ్?"

"దూకితే నువ్వు దూకు. పిల్లల్ని మాత్రం ఇంటికి పంపు. కాళ్లు వణికి చస్తున్నాను హార్మ్, ఇక్కడుండటం నాకేమన్నా సరదానా?"

కొందరు నవ్వారు. సీట్‌స్కె నవ్వలేదు. "ఈ మనిషి మంచు మీద కాలు పెట్టడానికే భయపడ్డాడు. ఇప్పుడు ఎక్కడ కూర్చున్నాడో చూడు," అని హార్మ్‌తో మెల్లగా అని, పిల్లల్ని వెనక్కి మళ్లించి తనే ఫోను దగ్గరికి నడిచింది.

ఆ ఏడాది ఊరు దూరంగా, చర్చి ముందు మౌనం పాటించింది. వెసెల్ ఒక్కడూ రాయి వెనక మోకాళ్లు పట్టుకుని పాటించాడు.

వెలుగుండగానే సైనికులు వచ్చారు. వాళ్ల కోసం వెసెల్ చెక్క మళ్లీ వేశాడు. బిరడా చూసినవాడు నవ్వలేదు. తొందరపడకుండా, వెనక్కి చూడకుండా వెళ్లమని వెసెల్‌కి చెప్పాడు. హార్మ్ చెక్కకు ఊరివైపున నిలబడి, అతని మోచెయ్యి పట్టుకుని దాటించాడు. బిరడా ఊడదీసే పని చాలాసేపు నడిచింది. ఆ తర్వాత ఇసుక నింపిన లారీలో, వెండిరంగు సగం గీకిన బాంబు ఊరు దాటిపోయింది. ఇంకాసేపటికి దూరాన ఇసుక గుంటలో దిమ్మని మోగింది. వెసెల్ వంటింట్లో కప్పులు అలమరలో వణికాయి. అతను లేచి పొయ్యి ఆర్పాడో లేదో చూసుకున్నాడు.

మర్నాడు సుత్తి కోసం వెళ్లి లెక్క చూసుకున్నాడు. రంగు డబ్బాతో ఇక పని లేదు. కూర్చుని రొట్టె తినే చోటు పోయింది. భయం అలాగే ఉంది. జమ వైపు, పిల్లలందరూ ఇంటికి చేరారు. ఖాళీ దిమ్మె చుట్టూ ఏటేటా కారిన వెండి చారలు. వాటి మధ్య, మూలన, కప్పు అడుగంత గుండ్రంగా, రంగు అంటని సిమెంటు.