పీపాలోని ఆకుల దండ

మ్యూజియం వెనక హాల్లో సమాధిరాళ్ళు నేల మీద వరసలు తీరి ఉన్నాయి. నిలువు పలకలు ఒక పక్క, రాతి సింహాలు ఒక పక్క, గుండ్రటివి కిటికీ కింద. రోమన్ల కాలంలో రుమేనియాలోని ఈ మురెష్ లోయలో పోయినవాళ్ళందరినీ, ఇక్కడ రాళ్ళ రకాలు తేల్చే రుక్సాంద్రే పిలిచి కూర్చోబెట్టినట్టుంది. మాంసం కూరిన మిరపకాయల డబ్బా పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది ఆమె తల్లి సవెత. ఏ సింహం దొర్లి కూతురి కాలు విరగ్గొడుతుందోనని ఆమె భయం.

దాన్ని మించిన భయం రేపటిది. రేపు ప్రొఫెసర్ హత్సెగాన్ వస్తాడు. ఏ రాయి ఏ రకమో రుక్సాంద్ర తేల్చినదాన్ని ఆయన ఒప్పుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే చలికాలం పోగానే ఇంటికి. పేచీ అంతా ఒక్క రాయి దగ్గరే. ఆకుల దండ చుట్టిన గుండ్రంలో ఒక ఆడమనిషి ముఖం, కింది అంచు విరిగిపోయి ఉంది. విడిగా నిలబెట్టిన గుండ్రటి రాయే అంటుంది రుక్సాంద్ర. పెద్ద పలక పైభాగమేమో అంటాడు ఆయన. కింది ముక్క ఉంటే గాని తేలదు. అదేమో ఎక్కడా లేదు.

"ముట్టుకుని చూడమ్మా, కరవదులే," అంది రుక్సాంద్ర.

సవెత శిలువ గుర్తు వేసుకుని వేళ్ళు ఆనించింది. మూడు ఆకులు, ఒక పండు. మళ్ళీ మూడు ఆకులు, ఒక పండు. ఈ దండ ఆమె వేళ్ళకు ఎరుకే.

ఇంట్లో నేలమాళిగలో ఉప్పునీళ్ళలో క్యాబేజీ ఊరే పీపా మీద బరువుకు పెట్టే రాయి ఉంది. చెక్కిన వైపు ఎప్పుడూ కిందికే ఉండాలనేది అత్తగారి ఆజ్ఞ. లేదంటే చచ్చినావిడ పైకి చూస్తుందట, క్యాబేజీ కుళ్ళిపోతుందట. అందుకే సవెత ఏ ఏడూ దాన్ని తిప్పి చూడలేదు. తడుముకుంటూ దించేది, తడుముకుంటూ తీసేది.

ఒక్క క్షణంలో ఆమెకు అన్నీ కళ్ళకు కట్టాయి. పాతకాలపు రాయి ఇంట్లో పెట్టుకున్నందుకు గుమ్మంలో పోలీసులు, పేపర్లో కూతురి ఫోటో, లోయంతా నవ్వు. రాళ్ళ కోసం ఊరూరా గోడలు వెతికే పిల్ల సొంత పీపా చూసుకోలేదని. నోరు మూసుకుంటే సరిపోయేదే. కానీ పిల్ల విరిగిన అంచును వేలితో అలా రాస్తూ ఉంటే ఉండబట్టలేకపోయింది.

"రుక్సా, చెప్పకపోతే పాపం, చెబితే జైలు. మన క్యాబేజీ రాయి దీని ముక్కే."

ఆ తర్వాత రుక్సాంద్ర కారు నడిపిన తీరుకు సవెత దారి పొడుగునా దేవుణ్ణి పిలుస్తూనే ఉంది. ఇంటి దగ్గర భర్త త్రయాన్ పీపాకు అడ్డంగా నిలబడ్డాడు. ఇప్పుడు రాయి తీస్తే క్యాబేజీ తేలిపోతుందని, చలికాలమంతా ఏం తినాలని సణిగాడు.

"రోమన్ చక్రవర్తి పేరు పెట్టుకున్నావు. నీ జనం రాయే కదా, ఓ చెయ్యి వెయ్యి," అంది సవెత.

ముగ్గురూ కలిసి ఎత్తారు. పుల్లటి నీళ్ళు కారుతున్నాయి. ఇన్నేళ్ళ పులుపు చెక్కడాన్ని తినేసి ఉంటుందని సవెత వణికింది. గట్టి బూడిదరంగు రాయి, చెక్కు చెదరలేదు. తిప్పారు. పైన దండ వంపు తిరిగి ముగిసింది. దాని కింద చదునైన పలక సాగింది, దాని మీద అక్షరాలు.

రుక్సాంద్ర అక్షరాల మీది నీళ్ళు అరచేత్తో తుడిచింది. అయిపోయింది, నా చేతులతో నేనే పిల్ల ఉద్యోగం ఊడగొట్టాను అనుకుంది సవెత.

"నాదే తప్పమ్మా," అంది రుక్సాంద్ర. ముఖమంతా వెలిగిపోతోంది. "ఇది పలకే. అక్షరాలు కూడా ఉన్నాయి, చూడు, ఈవిడకి పేరుంది!" తడి చేతులతోనే ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి, నా లెక్క తప్పు అని తానే చెప్పేసింది. పక్కన సవెత వద్దు వద్దని సైగలు చేస్తూనే ఉంది.

పొద్దున హాల్లో ఆ ముక్కను విరిగిన అంచు దగ్గరికి జరిపారు. సన్నటి గరుకు చప్పుడు చేసి కూర్చుంది. హత్సెగాన్ వంగి అతుకు చూశాడు, వాసన చూశాడు, తుమ్మాడు. ఇలాంటి పలక ఈ హాల్లో ఇదొక్కటే, దీనికి కొత్త వరస పెట్టాలి, కిటికీ కింద ఉన్న గుండ్రటివన్నీ మళ్ళీ పరీక్షించాలి అన్నాడు.

"మీ తప్పు మీరే దిద్దుకున్నారు. ఆ వరస కూడా మీరే చూడండి. చలికాలంలో తెమిలే పని కాదిది, ఏడాది ఉండండి."

సవెత గోడకు ఆనుకుని ఊపిరి వదిలింది. అంతలోనే రుక్సాంద్ర ఆమె చేయి పట్టుకుంది. మిగతా అక్షరాలున్న అడుగు ముక్క ఇంకోటి ఉండాలట, నానమ్మ ఈ రాయి ఎక్కణ్ణుంచి తెచ్చిందో చెప్పమంది.

పొలం దున్నుతుంటే బయటపడిందని చెప్పింది సవెత. ఒక్కటే కాదు, బోలెడు. వీధిలో ఇంటికొకరు తలా ఒకటి మోసుకుపోయారు.

"దేనికి?"

"ఇంక దేనికే తల్లీ, క్యాబేజీకే."

రుక్సాంద్ర అప్పటికే కారు తాళాలు తీసింది. ప్రొఫెసర్ కోటు తొడుక్కుంటున్నాడు. చలికాలం ముంగిట వీధిలో అందరి పీపాలూ తెరిపిస్తే తనని బతకనిస్తారా అని సవెత భయం. అయినా అందరికంటే ముందు కారెక్కింది. ఏ తలుపు ముందుగా తట్టాలో ఆమెకే తెలుసు మరి.