మునగని రాయి

మైపాడులో ఇసుక ఎంత కావాలంటే అంత దొరుకుతుంది. రాయి మాత్రం అడక్కండి. బట్టలుతుక్కునే బండ కావాలన్నా నెల్లూరు నుంచి ఆటోలో వేసుకుని రావాల్సిందే. ఆ ఊళ్లో ఎవరైనా పోతే కర్మకు పెట్టే రాయిని కూడా పెన్నలోంచే ఏరి తెస్తారు. దానికి పోయినవాళ్ల పేరు పెట్టి, పదోనాటిదాకా ఇంటి ముందు పందిట్లో నిలిపి, దానికే అన్నం పెట్టి, దానితోనే మాట్లాడతారు. పదోనాడు తండ్రో కొడుకో సముద్రానికి వీపు పెట్టి నిలబడి, రాయిని భుజం మీదుగా నీళ్లలోకి విసిరేసి, తిరిగి చూడకుండా ఇంటిదారి పడతాడు. రాయి మునిగితే మనిషి వెళ్లిపోయినట్టు. ఆ తర్వాతే పెళ్లాం చేతి గాజులూ, మెడలో తాళీ తీస్తారు.

గణేష్ విషయంలో మాత్రం తల్లి మస్తానమ్మ అడ్డం తిరిగింది. చేపల వేటకు పోయిన బోటు తిరగబడి తేలింది, తోడు వెళ్లినవాడు ఈదుకుంటూ వచ్చి ఒడ్డున పడ్డాడు, గణేష్ శవం మాత్రం దొరకలేదు. "నా బిడ్డను తీసుకున్నది సముద్రం. ఏటిలో రాయి నాకెందుకు? తీసుకున్నదే రాయి కూడా ఇయ్యాల" అని కూర్చుంది. రాయన్నదే లేని తీరంలో సముద్రం రాయిని ఎక్కణ్ణించి తెచ్చి ఇస్తుందని మునెయ్య తల పట్టుకున్నాడు. మొగుడి మాట ఆవిడ ఏనాడు విన్నది గనక!

చిత్రమేమిటంటే, ఇచ్చింది. మర్నాడు పొద్దున మస్తానమ్మ ఒడ్డు వెంబడి పోతుంటే, నురగతోపాటు బూడిదరంగు రాళ్లు కొట్టుకొచ్చి పడి ఉన్నాయి. ఒళ్లంతా సన్నసన్నటి బొక్కలు. ముసలివాళ్లు కూడా ఇన్నిన్ని ఎప్పుడూ చూసి ఎరగరు. పిడికిలికి కాస్త పెద్దదాన్ని ఒకదాన్ని ఏరుకుంది. బరువే లేదు. ఏడ్చి ఏడ్చి చేతులు మొద్దుబారాయి, అందుకే బరువు తెలియడం లేదనుకుంది. అదే రాయిని పందిట్లో నిలిపి, దానికే చేపల పులుసు అన్నం పెట్టింది.

పదోనాడు మునెయ్య రాయిని విసిరాడు. రాయి నీళ్లలో పడితే బుడుంగుమనాలి కదా? అనలేదు. మునెయ్య నియమం తప్పని మనిషి, వెనక్కి తిరగకుండా నడిచాడు. మస్తానమ్మ ఉండబట్టలేక తిరిగి చూసింది. రాయి అల మీద తేలుతోంది. ఒకసారి లోపలికి పోయింది, మళ్లీ ఒడ్డుకు వచ్చింది, మళ్లీ పోయింది. అప్పటికే ఒడ్డున ఉషను కూర్చోబెట్టి పెద్దాడవాళ్లు గాజుల మీద చేయి వేసి ఉన్నారు. ఉష అంటే గణేష్ పెళ్లాం, కాపురానికి వచ్చి నిండా రెండేళ్లు కాలేదు. ఆఖరి అల రాయిని దొర్లించుకుంటూ తెచ్చి ఆ పిల్ల కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయింది.

ఆడవాళ్లు కెవ్వుమని చేతులు వెనక్కి లాక్కున్నారు. మస్తానమ్మ మాత్రం ఉరికి వచ్చి రాయిని గుండెకు హత్తుకుంది. "నా బిడ్డ పోలా! బతికే ఉండాడు! యాడనో తేలతా ఉండాడు!" అని గొంతు చించుకుంది.

ఊరి పెద్దలు కూర్చుని ఒకటే మాట చెప్పారు. రాయి మునిగేదాకా కర్మ ముగియనట్టే. అందాకా ఉష మెడలో తాళి ఉంటుంది, మునెయ్య గడ్డం గీసుకోకూడదు, గోళ్లు తీసుకోకూడదు, ఆ ఇంటి బోటు నీళ్లలో దిగకూడదు. ఉష ఆ మాటకు తల కూడా ఎత్తలేదు. మొగుడు పోయాడన్న రోజు నుంచీ దాని కంట ఒక్క చుక్క రాలేదని ఊరంతా చెవులు కొరుక్కుంటూనే ఉంది. మస్తానమ్మకూ లోపల మంటే. రాతిగుండెదాన్ని తెచ్చి కొడుక్కి కట్టబెట్టానని ఎన్నిసార్లు అనుకుందో.

పెద్ద సత్తు గిన్నెలో సముద్రపు నీళ్లు పోసి, వంటింటి మూల పెట్టి, అందులో రాయిని వదిలింది మస్తానమ్మ. ఎప్పుడు వచ్చి చూసుకున్నా తేలుతూ కనపడాలని ఆవిడ ఆశ. కాసేపటికి గిన్నెలోంచి చప్పుడు మొదలైంది. బుడ్... బుడ్... మధ్యలో సన్నగా ఈల. వంగి చూస్తే రాయి బొక్కల్లోంచి ఒక్కొక్క బుడగే పైకి వస్తోంది.

"ఏమయ్యో, ఊపిరి తీసుకుంటా ఉంది!" అని మొగుణ్ణి పిలిచింది సంబరంగా. మునెయ్య వచ్చి విని, గబగబా బయటికి పోయాడు. అతను సముద్రంలో ఒకప్పుడు తోటివాడు మునిగిపోతుంటే చూసినవాడు. అతని మొహం చూశాక మస్తానమ్మకూ ఆ చప్పుడు వేరేగా వినిపించింది. నీళ్లు మింగుతున్నవాడి గొంతులోంచి ఆఖరున వచ్చే చప్పుడు అలాగే ఉంటుందట. అప్పుడు చెంగుతో చెవులు మూసుకుంది.

ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పే షారన్ టీచర్ ఆ వారంలోనే ఇంటికి వచ్చింది. బిట్రగుంట రైల్వే కాలనీ పిల్ల, నెల్లూరు నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన రాళ్లలో తనూ ఒకటి ఏరి బడికి తీసుకుపోయింది. ఇక్కడి కథ విని మనసు ఆగక వచ్చింది.

"మస్తానమ్మక్కా, ఇది నిప్పులో పుట్టిన రాయి. సముద్రం అడుగున కూడా కొండలుంటాయి. వాటి నోట్లోంచి కరిగిన రాయి పాలు పొంగినట్టు పొంగుతుంది. ఆ నురగ చప్పున చల్లారి గట్టిపడితే ఇదిగో, ఇలా అవుతుంది. లోపలంతా గాలి, అందుకే తేలుతుంది. నానేకొద్దీ ఆ గాలి బయటికొస్తుంది. ఆ చప్పుడే నీకు వినిపించేది."

"యాడుండాయి తల్లీ ఆ కొండలు?"

"తూర్పున. అండమాన్ దీవుల దగ్గర, ఇంకా దిగువన."

"అడుగున నిప్పేంది? అడుగంటే బురదా ఇసకా కదా. లంగరేస్తే పట్టుకునేదే అడుగు."

షారన్ నేల మీద అరచెయ్యి ఆనించింది. "అడుగు కూడా నిలకడగా ఉండదక్కా. మనం కూర్చున్న ఈ నేలా, ఆ సముద్రం అడుగూ అంతా కలిసి ఒకటే పెద్ద పలక. అది జరుగుతూనే ఉంటుంది, గోరు పెరిగినంత నిదానంగా. అక్కడ తూర్పున ఇంకో పలక అడ్డమొస్తే దాని కిందికి దూరి లోపలికి దిగిపోతుంది. దిగేటప్పుడు అందులోని నీరు వేడికి బయటపడి పైనున్న రాయిని కరిగిస్తుంది. ఆ కరిగిందే పైకి తన్నుకొచ్చేది. ఒక్కోసారి రెండు పలకలూ బీటు దగ్గర బిగుసుకుపోయి, ఏళ్లు గడిచాక ఒక్కసారిగా జారతాయి. క్రిస్మస్ మర్నాడు పొద్దున పెద్ద అల వచ్చిందే, అది అట్లా జారినందుకే."

ఆ అల మస్తానమ్మకు తెలియకపోవడమేమిటి! సముద్రం వెనక్కి పోయి, ఎన్నడూ చూడని అడుగు బయటపడి, చేపలు గిలగిలా కొట్టుకున్నాయి. నాలుగేళ్ల గణేష్‌ను చంకనేసుకుని సరుగుడు తోటదాకా ఊపిరి బిగబట్టి పరిగెత్తింది. ఆ బీటే, ఆ తూర్పే. ఆరోజు చంకలోంచి లాక్కోలేకపోయింది, ఇరవై ఏళ్లు కాచుకుని ఇప్పుడు లాక్కుని, బదులుగా నురగ ముద్ద పంపింది. సముద్రానికి ఇంత పగ ఉంటుందా అనిపించింది ఆవిడకు.

"అడుగే నడిచిపోతా ఉంటే, మునిగినోడు యాడని ఆగతాడమ్మా?" అంది చివరికి.

షారన్ లేచి నిలబడింది. "రాయి నీళ్లలోనే ఉంటే కొన్ని వారాల్లో నాని మునుగుతుందిలే అక్కా" అని మాత్రం అంది. గుమ్మం అవతల ఉష చేట పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటిలాగే ఆ పిల్ల మొహంలో ఏమీ లేదు.

ఆరోజు నుంచి మస్తానమ్మ మనసు తిరిగిపోయింది. వాడు బతికున్నాడన్న మాట ఆవిడ నోట మళ్లీ రాలేదు. వాడు మునుగుతూ ఉన్నాడు, పాపం మునగడం అయిపోవడం లేదు, అంతే. ఈ చప్పుడు ఆగితే చాలు, వాడికి ఊరట. దాన్ని ఆపమని పోలేరమ్మకు మొక్కుకుంది. ఏ తల్లీ మొక్కుకోరాని మొక్కు అది.

రాయి మునగలేదు. రోజూ సాయంత్రానికి కాస్త బరువెక్కి కిందికి దిగినట్టుండేది, బుడగలు సన్నగిల్లేవి. మర్నాడు మధ్యాహ్నం దాటేసరికి మళ్లీ తేలిగ్గా పైకి వచ్చి, కొత్తగా బుడబుడలాడేది. వారాలు గడిచాయి. బోటు పక్కన కూర్చుని మునెయ్య రోజూ పొద్దుగూకే వేళ "మునిగిందా?" అని అరిచేవాడు, ఈవిడ లేదని అరిచేది. అతని గోళ్లు వంకరలు తిరిగాయి. అతను అన్నం కలుపుతుంటే ఆ గోళ్లవంకే చూసేది మస్తానమ్మ. అవి పెరిగినంత మేర సముద్రం అడుగు తూర్పుకు జరిగి ఉంటుంది, దాని మీద పడుకున్నవాడూ అంత జరిగి ఉంటాడు. ఆ నిప్పు నోటికి అంత దగ్గరై ఉంటాడు.

షారన్ మళ్లీ వచ్చింది. "బడిలో పెట్టిన రాయి మునిగింది అక్కా. మీదీ మునిగే ఉంటుందని వచ్చా" అంటూ గిన్నెలోకి తొంగి చూసింది. రాయి నిక్షేపంగా తేలుతోంది. బుడగలు మొదటి రోజంత జోరుగా వస్తున్నాయి. షారన్ మొహం తెల్లబోయింది. వేలితో నొక్కింది, అది పక్కకు దొర్లి పైకి లేచింది. "ఒకే రోజు వచ్చినవి, ఒకే సైజువి" అని గొణిగింది. "ప్రభువా" అనుకుంటూ ఒకడుగు వెనక్కి వేసింది. అన్నీ తెలిసిన టీచరమ్మే భయపడితే ఇక మస్తానమ్మ సంగతి చెప్పాలా?

మర్నాడు మస్తానమ్మ రోజూలాగే సరుగుడు పుల్లలు ఏరడానికి తోటకు బయలుదేరింది. సగం దారిలో కొడవలి మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. మిట్టమధ్యాహ్నం. వంట ఎప్పుడో అయిపోయింది. అయినా తన ఇంటి కప్పులోంచి పొగ వస్తోంది.

లోపల ఉష పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. నిప్పుల మీద పాత పెంకు, పెంకు మీద రాయి. రొట్టె తిప్పినట్టు దాన్ని ఇటూ అటూ తిప్పుతోంది. బొక్కల్లోంచి ఆవిరి సుయ్యిమంటోంది. మూలన గిన్నెలో వట్టి నీళ్లు, చప్పుడు లేకుండా ఉన్నాయి.

"ఏందమ్మే ఇది?"

ఉష ఉలిక్కిపడలేదు. "ఆరబెడతా ఉండానత్తా."

"ఎన్నాళ్ల నించీ?"

"నానితే మునిగిపోతాదని టీచరమ్మ చెప్పిందే, ఆ మర్నాటి నించీ. నువ్వు తోటకి పోతానే తీస్తా. ఆరినాక మళ్లా ఏస్తా."

ఇన్ని వారాలుగా రోజూ కొత్తగా మొదలైన ఆ బుడబుడ అంతా ఒక్కసారిగా మస్తానమ్మ చెవుల్లో హోరెత్తింది. పొయ్యిలోంచి మండుతున్న కట్టె లాగి ఎత్తింది. "ఓసి నీ నోట్లో మన్నుబడా! దినామూ నా బిడ్డను ముంచతా ఉండావంటే నువ్వు! వాడు నీళ్లు మింగే చప్పుడు దినామూ వింటా ఉండానే నేను! ఒక్కసారి చచ్చినోణ్ణి ఎన్నిసార్లు చంపతావే?"

"నీళ్లు మింగే చప్పుడా?" ఉష మొదటిసారి తలెత్తి అత్త కళ్లలోకి చూసింది. నిజంగానే ఆశ్చర్యపోయింది ఆ పిల్ల. "నాకట్ట ఇనపడదత్తా. నిద్దరపోయేటప్పుడు ఆయన ఊపిరి అట్టనే ఉంటాది కదా. ముందర బుడబుడమంటాది, ఎనకాల ఈల ఏస్తాది. నీకు తెలీదా? నేను పక్కనే పడుకుని ఇనేదాన్ని." కట్టె వంక కాదు, పెంకు మీది రాయి వంకే చూస్తోంది. "అది ఆగిపోతే నేను నమ్మాల. ఆయన లేడని నమ్మాల. నా వల్ల కాదత్తా. నువ్వు కొట్టు, చంపు, నా వల్ల కాదు."

అప్పుడు ఏడ్చింది ఉష. ఇన్నాళ్లూ రానిదంతా వచ్చింది. ఒక కన్నీటి చుక్క పెంకు మీద పడి చుయ్యిమని ఆరిపోయింది.

మస్తానమ్మ చేతిలో కట్టె కిందికి దిగింది. చంటప్పుడు గణేష్‌కు ఆయాసం. ముక్కు దిబ్బడేసి, బుడబుడమని, చివర ఈల. ఆ చప్పుడు ఆగిందా బిడ్డకేమైందోనని తను లేచి కూర్చునేది. అది వినిపిస్తుంటేనే కన్ను మూతపడేది. అదెలా మరిచిపోయింది తను? కన్నతల్లి మరిచిపోతే, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల దాచిపెట్టుకుంది.

కోడలి పక్కన చతికిలబడి, చెంగు చుట్టిన వేళ్లతో రాయిని ఎత్తి చూసింది.

"ఈపక్క ఇంకా పచ్చిగానే ఉందే" అంది. రాయిని తిరగేసి పెంకు మీద పెట్టి, చేతిలోని కట్టెను పొయ్యిలోకి ఎగదోసింది.

పొద్దుగూకింది. బయట బోటు దగ్గర నుంచి మునెయ్య ఎప్పటిలాగే కేకేశాడు. "మునిగిందా?"

"లేదయ్యా. తేలతానే ఉంది."

మునెయ్య తన గోళ్లవంక చూసుకున్నాడు. లోపల సత్తు గిన్నెలో బుడబుడ మొదలైంది. ఈసారి మస్తానమ్మ చెవులు మూసుకోలేదు.