మేట్రన్ పక్కన తెల్లరాయి

భుజంగరావు నా భూమి కాజేశాడని చెబితే ఇబ్రహీంపట్నంలో ఎవరూ కాదనరు. ఎలా కాజేశాడో చెప్పాక మాత్రం నవ్వుతారు. బస్టాండు దగ్గర టీ కొట్టువాడు నవ్వాడు. వకీలు కూడా నవ్వాడు, ఫీజు తీసుకుని మరీ. అందుకే అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, రాతలో తప్పులుంటే ఉంటాయి. అబద్ధం మాత్రం ఉండదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా నాకు ఫొటో స్టూడియో ఉంది. విమానాశ్రయం వస్తోందని, రింగు రోడ్డు వస్తోందని సిటీ కార్లు మా ఊరి మీద పడ్డ రోజులవి. అమ్మేవాళ్ల ఫొటో, కొనేవాళ్ల ఫొటో, సాక్షుల ఫొటో, అన్నీ నా దగ్గరే. పొద్దున నా స్టూలు మీద కూర్చున్న రైతు సాయంత్రానికి రైతు కాదు. 2004లో మా బాపు బుగ్గయ్య కూడా అదే స్టూలు మీద కూర్చున్నాడు. శేరిగూడ దారిలో మాకున్న మూడెకరాల్లో రెండెకరాల పద్దెనిమిది గుంటలు భుజంగరావుకు అమ్మాడు. భుజంగరావు కృష్ణా జిల్లా నుంచి వచ్చి సిటీ అంచున స్థిరపడ్డ మనిషి. ఆ భూమిలో దవాఖాన కట్టాడు, పక్కనే నర్సింగ్ కాలేజీ కట్టాడు.

మిగిలిన ముక్క, ఎకరానికి నలభై లెక్కన ఇరవై రెండు గుంటలు, ఆ కట్టడాల వెనక, తూర్పున వాగు దాకా ఉంటుంది. అదొక్కటే మాకు మిగిలింది. అమ్మకం కాగితంలో తూర్పు హద్దు దగ్గర ‘హద్దురాయి, దాని అవతల అమ్మినవారి మిగులు భూమి’ అని రాశారు. ఆ రాయిని బాపే పాతాడు. మోకాలెత్తు ఉంటుంది. ఏటా ఉగాదికి దానికి సున్నం వేసేవాడు. ఆయన పోయాక నా భార్య కాశమ్మ వేసేది. నాకు తీరిక ఉండేది కాదు.

2007 ఏప్రిల్‌లో శ్రీసుధ అనే ఆవిడ స్టూడియోకి వచ్చింది. సిటీ నుంచి నర్సుల కోసం వచ్చే ఒక పత్రికకు సంపాదకురాలు. మే నెలలో నర్సుల దినం, దానికో ప్రత్యేక సంచిక. భుజంగరావు దవాఖాన నర్సులవీ, మేట్రన్‌దీ, చైర్మన్‌దీ ఫొటోలు కావాలంది.

"పాస్‌పోర్టు ఫొటోల్లా బిగుసుకుపోయి ఉండకూడదండీ. వాళ్లు చేసే పని మొహంలో తెలియాలి."

"నా పేరేస్తరా మేడం?"

"ఎక్కడ?"

"ఫొటో కింద."

ఆవిడ నవ్వింది. "తప్పకుండా వేస్తాం."

ఇరవై రెండేళ్లు ఫొటోలు తీసినా నా పేరు రబ్బరు స్టాంపుగా ఫొటోల వీపు మీదే పడింది. ముందువైపు ఎప్పుడూ పడలేదు. ఆ రాత్రి కాలు ఒకచోట నిలవలేదు నాకు.

నర్సుల ఫొటో తేలిక కాదు. తెల్ల బట్టలు, తెల్ల టోపీ, వెనక తెల్ల గోడ. నాలుగు తీసి చూసుకుంటే మనుషులు దండెం మీద ఆరేసిన బట్టల్లా ఉన్నారు. లోపల వార్డులో ట్యూబులైట్ల కింద మొహాలు పచ్చగా, పేషెంట్లవే నయమనిపించేలా పడ్డాయి. మెట్ల మీద చూశాను, వరండాలో చూశాను, ఎక్కడా కుదరలేదు. చివరికి అందరినీ దవాఖాన వెనక్కి తీసుకుపోయాను. అటువైపు అప్పటికింకా ప్రహరీ లేదు. నా చెలక అప్పుడే దున్నించి ఉంది. ఎర్రమట్టి. ఎర్రమట్టి ముందు ఆ తెల్ల బట్టలు నిలబడేసరికి కెమెరా చేతిలో ఆగలేదు.

పదకొండు మంది ఒక్కొక్కరే వచ్చారు. తిరుమల అనే పిల్ల మా మండలంలోదే, రాత్రి డ్యూటీ దిగి అట్లాగే వచ్చింది.

"కండ్లు ఉబ్బినయ్ అన్నా. జర పౌడర్ కొట్టుకొస్త."

"వద్దు బిడ్డా. గా కండ్లే గావాలె నాకు."

"పెండ్లి సూపులకు గీ ఫొటో పంపితే ఒక్కడు గూడ రాడు పో!" అంది. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే బటన్ నొక్కాను.

చివర మేట్రన్ హైమవతి వచ్చింది. యాభై దాటిన మనిషి, గుంటూరు వైపు ఆవిడ. చేతిలో టీ గ్లాసు ఉంది. ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూసి, బాపు పాతిన రాయి మీద పెట్టి దాని పక్కనే నిలబడింది.

"కానివ్వండి ఈశ్వరయ్య గారూ, మూడో బెడ్డుకి సెలైన్ అయిపోతోంది."

చెయ్యి ఎక్కడ పెట్టాలని అడగలేదు, గడ్డం ఎత్తమంటే ఎత్తలేదు. వార్డు కిటికీ వైపు ఒక చెవి పడేసి నిలబడింది, అంతే. నా బతుకులో నేను తీసిన మంచి ఫొటో అదే.

ఆ తర్వాత భుజంగరావు. తిరిగే కుర్చీని ఇద్దరు మోసుకొచ్చి దుక్కిలో వేశారు. మెడలో స్టెతస్కోపు వేసుకున్నాడు.

"మీరు డాక్టరు కాదు కదండీ సార్," అంది హైమవతి.

"ఫొటోకేగా హైమవతీ! ఇంజెక్షన్ చేస్తానంటున్నానా?"

ఆయన ఫొటో అయ్యాక నా పక్కకొచ్చి కెమెరా వెనక ఉన్న చిన్న తెరలో అన్నీ చూశాడు. మేట్రన్ ఫొటో దగ్గర ఆగాడు.

"ఆ రాయేంటయ్యా?"

"హద్దురాయి సార్. మా బాపు పాతిండు."

"తెల్లగా సమాధిలా ఉంది. దవాఖాన ఫొటోలో సమాధి కనిపిస్తే పేషెంట్లొస్తారా? తీసెయ్."

"ఫొటోల తీసేస్త సార్."

"ఫొటోలోనేనయ్యా. నేలమీదది నాకెందుకూ?"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే లేచి నడుస్తాను.

కంప్యూటరు పని నేను కోఠీలో ఒక షాపువాడి వెనక నిలబడి నేర్చుకున్నాను. ఇంగ్లీషు రాదు. పై వరసలో మొదటి మాట, దాని కింద ఎన్నోది నొక్కితే ఏమవుతుందో చూపు మీద గుర్తు. ఫొటోని ఇంకో పేరుతో దాచుకోవచ్చని, అసలుది అసలుదిగా ఉంచుకోవచ్చని నాకు ఎవరూ చూపలేదు. మౌసు పట్టుకుని, పక్కనున్న మట్టిని కొద్దికొద్దిగా తెచ్చి రాయి మీద పోస్తూ కూర్చున్నాను. గంటన్నర పట్టింది. టీ గ్లాసు పోయింది, రాయి పోయింది. నేల మీద పడ్డ రాయి నీడను కూడా తుడిచాను. నీడను మరిచిపోయేది పని రానివాళ్లు. తుడిచి, అసలుదాని మీదే సేవ్ కొట్టాను. మర్నాడు మహేశ్వరంలో పెళ్లి ఉంటే కెమెరా కార్డు కూడా ఖాళీ చేసుకున్నాను.

పత్రిక వచ్చింది. అట్ట మీద హైమవతి! లోపలి పేజీలో ‘ముఖచిత్రం: ఈశ్వరయ్య, ఇబ్రహీంపట్నం’ అని అచ్చు. ఇంటికి ఉరికి కాశమ్మ ముందు పెట్టాను.

"నా పేరు సూడు."

"నాకేం సదువొస్తదా పేరు సూడనీకి?" అని అట్ట తిప్పింది. కాసేపు చూసింది. "గిది మన చెల్కనే గద?"

"అవ్."

"మరి రాయేది?"

"తుడిచిన."

"ఎట్ల తుడుస్తవయ్యా? బాపు పాతిన రాయి!"

"ఫొటోల తుడిచిన, పిచ్చిదానా. రాయి ఆడ్నే ఉన్నది. నమ్మకుంటే పొయ్యి సూస్కో."

నిజంగానే పోయింది. రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లి, దీపాలు పెట్టే వేళకు వచ్చింది. "ఉన్నది," అంది. అన్నం పెట్టింది.

దసరాకు పది రోజుల ముందు దవాఖాన వెనక ప్రహరీకి పునాది తీస్తున్నారని తిరుమల ఫోను చేసింది. మోటారుసైకిలు మీద పోయి చూస్తే పునాది వాగు ఒడ్డున తీస్తున్నారు. బాపు రాయి వాగు ఒడ్డున నిలబడి ఉంది. దాని మీద సున్నం పాతది, మొదలు దగ్గర మట్టి కొత్తది.

నేను అర్జీ పెడితే సర్వేయరు వచ్చాడు. కాగితం చదివాడు. కాగితంలో గుంటల లెక్క అటూ ఇటూ ఉండొచ్చు, రాసిన హద్దుకే బలమెక్కువ అన్నాడు. రాయి ముందు నుంచీ వాగు ఒడ్డునే ఉంటే మధ్యలో భూమంతా దవాఖానది. దవాఖాన వెనకే ఉండేదంటే నాది. రాయి ఎక్కడుండేదో చెప్పగల మనిషి కావాలి.

హైమవతిని నాలుగుసార్లు బతిమాలాను. ఆవిడ ఉద్యోగం, ఆవిడ ఉండే క్వార్టరు రెండూ భుజంగరావు చేతిలోవే. అయినా సర్వే రోజున డ్యూటీ మధ్యలో నుంచి వచ్చి, కాలితో నేల మీద చోటు చూపించింది.

"ఇక్కడే ఉండేదండీ. ఫొటో తీసినరోజు నా టీ గ్లాసు దాని మీదే పెట్టాను."

భుజంగరావుకు కోపం రాలేదు. కారులోంచి పత్రిక తెప్పించి ఆవిడ చేతికే ఇచ్చాడు.

"మీ ఫొటోయే కదా మేడం. ఇదే చోటు. రాయేదీ?"

హైమవతి తన బొమ్మ పక్కన మట్టిని వేలితో తడిమి చూసింది. సర్వేయరు పత్రిక తీసుకుని నా వైపు తిరిగాడు.

"ఎవరు తీసిన్రు గీ ఫొటో?"

"లోపల పేరుంది చూడండి," అన్నాడు భుజంగరావు.

నేను ఒక అడుగు ముందుకేశాను. "రాయి నేనే తుడిచిన సార్, కంప్యూటర్ల. గీ సారే తీసెయ్యమన్నడు."

"నేనా? నా దవాఖాన అభివృద్ధి పనులు మానేసి రాళ్లు చూస్తూ కూర్చుంటానా?"

"తుడవకముందుది ఏది? తే," అన్నాడు సర్వేయరు.

"లేదు సార్. దాని మీదనే సేవ్ కొట్టిన."

ఆయన నన్ను తేరిపార చూశాడు. "నీ స్టూడియో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందటనే గదా? ఆడ నువ్వు దీసే ఫొటోలు గూడ గిట్లనేనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తుడిచానంటే నేను దొంగ ఫొటోలవాణ్ణి, నా మాట చెల్లదు. తుడవలేదంటే రాయి లేదు. కాశమ్మ ఒక్కతే నవ్వలేదు. వెళ్లి వాగు ఒడ్డున రాయి పక్కన కూర్చుంది.

మరుసటి నెలలోనే హైమవతి ఉద్యోగం పోయింది. అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇంకో దవాఖానకు దరఖాస్తు పెట్టుకోవడానికి ఫొటో కోసం నా స్టూలు మీదకే వచ్చి కూర్చుంది. తిడుతుందనుకున్నాను. కొంగు సర్దుకుని, "గ్లాసన్నా ఉంచాల్సిందండీ," అంది. డబ్బులు వద్దంటే టేబులు మీద పెట్టి పోయింది.

ఇప్పుడు షాపులో గంటసేపు కూర్చోలేను. గిరాకీ ఉండగానే షట్టరు సగం దించి ప్రహరీ దాకా పోయి వస్తాను. తిరిగొచ్చి భూతద్దం పెట్టి ఆ అట్ట చూస్తాను, మట్టిలో ఎక్కడన్నా నీడ ముక్క వదిలేశానేమోనని. గోరంత నీడ దొరికినా పట్టుకుని కోర్టుకు పోదును. లేదు. ఎక్కడా అతుకు తెలియదు. అంత బాగా చేశాను పని.

పోయింది ఇరవై రెండు గుంటలు. ఈ రోజుల్లో అందరూ గజాల్లో అడుగుతున్నారు కాబట్టి గజాల్లోనే చెబుతాను: రెండు వేల ఆరువందల అరవై రెండు.