ఎడమ కాలి మీద నింద

"క్లచ్ మీద కాలేసుకుని కూర్చుంటే అది మాత్రం ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది?" అన్నాడు భర్త, బూట్ల లేసు బిగించుకుంటూ. ఆమె అప్పుడు డబ్బాలకు మూతలు పెడుతోంది. ఒకటి అతనిది, ఒకటి కూతురిది, ఇంకోటి తను పనిచేసే కళ్ళద్దాల ల్యాబ్‌లో మధ్యాహ్నం నిలబడే తినేసే తనది. అతను ఆ మాట కోపంగా ఏమీ అనలేదు. వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. అలా మామూలుగా అనే మాటలకే ఎదురు చెప్పడం కష్టం.

నిన్న అత్తయ్యని మోకాళ్ళ వ్యాయామానికి తీసుకెళ్తుంటే, ఆస్పత్రి పార్కింగ్ ఎత్తు మీద కారు నిలబడిపోయింది. ఇంజను గీపెడుతోంది, చక్రాలు మాత్రం కదలవు. కాలిన వాసన. వెనకాల హారన్లు. కాపలావాడు పరుగున వచ్చి, "ఎవరైనా మగవాళ్ళని పిలవండి మేడమ్" అన్నాడు. చివరికి వర్క్‌షాపువాళ్ళు వచ్చి బండిని ఈడ్చుకెళ్ళారు. సాయంత్రానికి ఫోన్ చేసి క్లచ్ పూర్తిగా పోయిందనీ, గేర్‌బాక్సు దించాలనీ, దాంతోపాటు దాని వెనకుండే ఫ్లైవీల్ చక్రం కూడా మార్చాలనీ చెప్పారు. ఖర్చు వింటే ఆమె నెల జీతం మొత్తం ఎగిరిపోయేలా ఉంది.

"అంత తగలేసే బదులు అమ్మేద్దాం," అన్నాడు భర్త. "మా ఆఫీసులో ఒకాయన ఉన్నదున్నట్టుగా కొంటానంటున్నాడు. నీకేముంది, క్యాబ్ పిలుచుకో. ఇవాళ వెళ్ళి రిపేరు వద్దని చెప్పేసి, బండిలో మన సామానేదైనా ఉంటే తెచ్చెయ్."

ఆమె సరేనంది. సరే అనడం ఆమెకు అలవాటు.

నిజానికి ఆ బండి ఆమెది. పెళ్ళికి ముందు, తొలి ఉద్యోగంలో కూడబెట్టిన డబ్బుతో కొనుక్కుంది. హాట్ హ్యాచ్ అంటారు కుర్రకారు. చూడ్డానికి చిట్టి బండి, తొక్కితే తూటా. చిన్నదైనా ఎవరికీ తీసిపోకూడదని ఆ రోజుల్లో ఆమెకూ ఉండేది. పెళ్ళయ్యాక అది మన బండి అయింది, తర్వాత ఎప్పుడో అత్తవారి నోట అబ్బాయి బండి అయిపోయింది. ఆదివారాలు భర్త స్నేహితుల్ని ఎక్కించుకుని, సిగ్నల్ దగ్గర పచ్చదీపం పడగానే పక్క బండ్ల కళ్ళు చెదిరేలా దూకించేవాడు. మిగతా వారమంతా కూతురి బడీ, అత్తయ్య ఆస్పత్రీ, గ్యాస్ బండా, నడవలేని చుట్టాలూ ఆమె వంతు. అయినా ఆ బండి అంటే ఆమెకు ప్రాణం. అత్తయ్యని లోపలికి పంపాక, వ్యాయామం అయ్యేదాకా ఆమె అందులో ఒక్కతే కూర్చునేది. అద్దాలు ఎత్తేస్తే ఎవరి పిలుపూ వినపడదు. ఇంట్లో గదులు చాలానే ఉన్నాయి, కానీ ఆమె ఊరికే కూర్చుంటే ఎవరూ కారణం అడగని చోటు అదొక్కటే.

కొన్నాళ్ళుగా ఎడమ కాలు లాగేస్తోంది. పెడల్ బరువుగా ఉంటోందని ఒకసారి భర్తతో అంటే, "ఆడలేక మద్దెల ఓడందట వెనకటికెవరో" అని నవ్వాడు. ఆడపడుచు కాల్షియం బిళ్ళలు పంపింది. ఆమె బిళ్ళలు మింగింది, పిక్కకు నూనె రాసుకుంది, కాలిని నాలుగు తిట్టింది. పెడల్‌ని మాత్రం మళ్ళీ ఏమీ అనలేదు.

వర్క్‌షాపుకు అత్తయ్య కూడా బయల్దేరింది, చేతికర్ర బండిలో ఉండిపోయిందని. బండి ఒక పక్క గోడకు ఆనించి ఉంది. తెరుచుకునేవి డ్రైవర్ వైపు తలుపులు మాత్రమే. నిలబడలేక అత్తయ్య డ్రైవర్ సీట్లోనే కూలబడింది. ఆమె వెనక సీట్లోంచి గొడుగూ, కూతురి స్వెట్టరూ, తన పాత చెప్పులూ ఏరి సంచిలో వేస్తోంది. పెళ్ళయిన కొత్తలో కొన్న చెప్పులవి. వాటిని చూడగానే ఆమెకు ఏడుపొచ్చింది.

"అమ్మాయ్," అంది అత్తయ్య ముందు సీట్లోంచి. "ఏమిటే ఇది, ఇంత బరువుంది?"

చూస్తే అత్తయ్య చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, క్లచ్ పెడల్‌ని కాలితో నొక్కుతోంది. కాదు, నొక్కలేక నొక్కలేక నొక్కుతోంది.

"అరిగితే అలాగే బరువెక్కుతుందమ్మా," అన్నాడు మెకానిక్, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. "చాన్నాళ్ళుగా ఇలాగే ఉండుంటుంది."

"అయితే ఈవిడ కాలేసుకుని కూర్చోబట్టి పోయిందా?"

"ఎవరి కాలని చెప్పమంటారు? కొంత దూకుడుకి పోతుంది, కొంత వాడకానికి పోతుంది. అరగడానికే పెట్టారు దాన్ని. అరిగితే మార్చుకోవాలి గానీ తిట్టుకుంటే ఎలా?" అని మెకానిక్ ఆమె వైపు తిరిగాడు. "సార్‌ని ఒకసారి ఫోన్లోకి పిలవండి మేడమ్. చెయ్యాలో వద్దో ఆయన చెప్తే..."

అత్తయ్య పెడల్ మీంచి కాలు తియ్యలేదు. కోడలి వైపే చూస్తూ, "నా మిషను గుర్తొస్తోందే" అంది.

కుట్టుమిషను గురించి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మిషను తొక్కే అత్తయ్య కొడుకుని చదివించింది. ఆ మోకాళ్ళ నొప్పులు అప్పటివే. తెలియంది ఆ తర్వాతి కథ.

"బెల్టు పాడై తొక్కుడు బరువెక్కింది. మీ మామగారేమో నా కాళ్ళలో సత్తువ పోయిందన్నారు. నేనూ అదే అనుకున్నా. వచ్చినకాడికి అమ్మేశారు. కొన్నావిడ బెల్టు మార్పించుకుని, బతికున్నన్నాళ్ళూ కుట్టుకుంది." అత్తయ్య మోకాలు నిమురుకుంది. "మిషను పోతే పోయింది. దాని ముందు కూర్చున్నంతసేపూ నన్నెవరూ లేపేవాళ్ళు కాదే. అది పోయాక ఆ ఇంట్లో నాకు కూర్చోడానికి చోటు లేకుండా పోయింది."

ఇన్నేళ్ళలో అత్తయ్య తన గురించి చెప్పుకున్న మొదటి మాట అది. ఎంతసేపూ పక్క సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునే మనిషి, కునుకు తీస్తోందనుకునేది ఆమె. పెడల్ తొక్కిన ప్రతిసారీ కోడలు పళ్ళ బిగువున మూలగడం ఈవిడ వింటూనే ఉందన్నమాట.

"సార్ నంబర్ చెప్తారా మేడమ్?" అన్నాడు మెకానిక్ మళ్ళీ.

"బండి నాదేనండీ," అంది ఆమె. "మార్చేయండి. ఖర్చు నేనిస్తాను."

ఏరిన చెప్పుల్ని మళ్ళీ వెనక సీటు కింద పెట్టేసింది.

బండి తయారైందని ఫోన్ వస్తే ఒక్కతే వెళ్ళింది. సీట్లో కూర్చుని, అలవాటు కొద్దీ నడుం బిగించి, బలమంతా కూడదీసుకుని క్లచ్ తొక్కింది. పెడల్ వెన్నలా దిగిపోయి, కాలు ధన్‌మని నేలకు తగిలింది. ఆమె ఉలిక్కిపడింది. మళ్ళీ తొక్కింది. ఇంత తేలికా? పది మందికి తేలిగ్గా ఉన్నది తన ఒక్కదానికే బరువనుకుని, ఎన్ని పొద్దులు ఈ కాలిని ఆడిపోసుకుంది! వంగి పిక్క మీద చెయ్యి వేసి నిమిరింది. అన్నాళ్ళూ ఒక్కసారి కూడా మొరాయించకుండా, అంత బరువూ మోసుకుంటూ, అందర్నీ ఎక్కడికి చేర్చాలో అక్కడికి చేర్చిన కాలు. దానికి ఒక్క మంచిమాటైనా చెప్పింది కాదు. "నీ రుణం తీర్చుకోలేనే తల్లీ," అంది పైకే. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. రెండింటినీ రానిచ్చింది.

జీతం తగలేసిందని భర్త రెండ్రోజులు ముభావంగా ఉన్నాడు. ఆదివారం ఉదయం మాత్రం ఎప్పటిలాగే కొక్కేనికున్న తాళం తీసుకుని బయటికి నడిచాడు. ఇంజను గర్జించింది. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్ళీ గర్జించి, మళ్ళీ గెంతి, ఈసారి గేటు దగ్గర ఆగింది. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి చూశారు. అరిగిన క్లచ్‌కి అలవాటుపడ్డ కాలు అతనిది, కొత్తది ఎక్కడ పట్టుకుంటుందో దానికి తెలియదు.

అతను చెమటలు తుడుచుకుంటూ దిగాడు. "అంత డబ్బు పోసి పాడు చేయించావు. ఆ పెడల్ ఏదో తేడాగా ఉంది."

మెట్ల మీద కూర్చున్న అత్తయ్య చేతికర్ర మీద గడ్డం ఆనించి, తాపీగా అంది. "ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదేరా నాయనా."

అతను ముందు తల్లి వైపు, తర్వాత భార్య వైపు చూశాడు. ఆమె నవ్వలేదు. చెయ్యి చాపింది. అతను తాళం ఆ చేతిలో పెట్టాడు, ఎందుకు పెట్టాడో తనకే తెలియనట్టు.

"ఇకనుంచి కావాలంటే నన్నడిగి తీసుకెళ్ళండి," అంది ఆమె, వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా.

తర్వాత అత్తయ్యకి చెయ్యి అందించి బండి దాకా నడిపించింది.

"ఇవాళ ఆస్పత్రి లేదుగా అమ్మాయ్?"

"లేదత్తయ్యా. ఊరికే కూర్చుందాం రండి."